మడతపెట్టిన దూరం

అన్నం చల్లారిపోవడంతో మొదలైంది ఆ భయం.

రేగులవాడ విమానాశ్రయంలో పనిచేసే భూమేశ్ మామకి రోజూ మధ్యాహ్నం సద్ది పట్టుకెళ్లడం నవనీత పని. అమ్మ పొయ్యి మీది నుంచి గిన్నె దించగానే అన్నం డబ్బాలో సర్ది, గుడ్డ చుట్టి ఇచ్చేది. సైకిలెక్కి ఊరు దాటి, మామిడితోట పక్కనుంచి పోతే విమానాశ్రయం గేటు. మామ డబ్బా మూత తీయగానే ఆవిరి ఆయన కళ్లద్దాలకు పట్టేది. అద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ తినేవాడు. అది చూస్తే నవనీతకు ఎప్పుడూ నవ్వొచ్చేది.

ఆ రోజు మూత తీశాడు. అద్దాలకు ఏమీ పట్టలేదు.

"ఏందే, మీ అమ్మ పొద్దటి బువ్వ పెట్టి పంపిందా?"

"లేదు మామా. ఇప్పుడే దించింది."

"మరి తొవ్వల ఎక్కడ నిలవడ్డవ్? మామిడికాయలు కొట్టినవా?"

నవనీత తల అడ్డంగా ఊపింది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. చాలా రోజులుగా అక్కడే ఉంది. బళ్లో కూడా అంతే, జవాబు తెలిసినా చెయ్యెత్తదు. ఎవరైనా నవ్వుతారేమోనని ముందే ముఖం వేడెక్కుతుంది.

కిటికీ అవతల ఒక చిన్న విమానం లేచింది. నీళ్ల ట్యాంకు పైనుంచి పోయి, ఎండాకాలం తారురోడ్డు మీద గాలి ఊగినట్టు ఆకాశం ఊగుతున్న చోటికి చేరింది. ముక్కు కనిపించకుండా పోయింది, తరవాత రెక్కలు, తరవాత తోక.

"మడతల పడ్డది," అన్నాడు మామ, పచ్చడి కలుపుకుంటూ. "నేను చెయ్యి కడుక్కునేలోపు సాగరపేటల దిగుతరు చూడు."

సాగరపేట సముద్రం ఒడ్డున ఉంది. రేగులవాడ నుంచి అక్కడికి ఆకాశంలో కొలిచినా నాలుగువందల అరవై కిలోమీటర్లు. మామూలు విమానానికి గంటా పావు పట్టేది. మామ, ఆయన జట్టు కలిసి చేసిన యంత్రం వచ్చాక తొమ్మిది నిమిషాలు చాలు. ఇది ఎట్లా సాధ్యమని మొదటిసారి అడిగినప్పుడు మామ తన కండువాను బల్ల మీద పరిచి, మధ్యలో చిటికెడు బట్ట పట్టి పైకి లాగాడు. రెండు చివర్లూ దగ్గరికొచ్చాయి. "విమానం ఇటునుంచి అటు దుంకుతది. మధ్యల బట్ట తోటి దానికి పని లేదు," అన్నాడు.

మరి వేళ్ల మధ్య ఉన్న బట్ట ఎక్కడికి పోతుందని నవనీతకు ఆనాడే అనిపించింది. అడగలేదు. మామే చెప్పాడు. "మిగిలిన దూరం భూమిల ఇంకిపోతది. ఇంత పెద్ద భూమి మీద పరుచుకుంటే ఎవరి వాటాకూ నువ్వుగింజంత కూడా రాదు."

ఇప్పుడా మాట నవనీతకు గుర్తొచ్చింది.

"మామా, తొవ్వ పెరుగుతుంది."

మామ నవ్వబోయాడు. కలిపిన ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. డబ్బా అడుగున చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ముద్దను మళ్లీ డబ్బాలోనే పెట్టేశాడు.

"ఎన్ని దినాలాయె?"

"సెలవులియ్యక ముందుసంది."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

మామ సైకిలును అక్కడే వదిలేయించి, తన బైకు మీద ఎక్కించుకుని ఊరివైపు బయల్దేరాడు.

మామిడితోట దగ్గర బైకు ఆపాడు. తోట కంచె తీగ తెగి ఉంది. ఒక చివర ఈ రాటకు, ఇంకో చివర ఆ రాటకు వేలాడుతోంది. మామ ఒక చివర పట్టుకుని, "అది పట్టుకొని రా," అన్నాడు. నవనీత రెండో చివర పట్టుకుని లాగింది. తీగలో ఒక్క ముక్క కూడా ఎవరూ కోసుకుపోలేదు. అయినా రెండు చివర్ల మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడం మిగిలింది. మామ ఎంత లాగినా కలవలేదు. తీగ వదిలేసి అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. ఆయన అట్లా కూర్చోవడం నవనీత ఎన్నడూ చూడలేదు.

"ఇంకిపోలే. ఈడనే కుప్పవడుతుంది," అన్నాడు.

ఊళ్లోకి రాగానే ఇంటికి పోకుండా సరాసరి బొడ్రాయి దగ్గరికి నడిచాడు. విమానాశ్రయం కోసం పాత ఊరిని ఖాళీ చేయించి, ఈ కొత్త ఊరు కట్టించి రెండేళ్లయింది. ఊరన్నాక నడిబొడ్డున బొడ్రాయి ఉండాలి కాబట్టి ఇక్కడా నిలబెట్టారు. ఆ రోజు ఆనవాయితీ ప్రకారం పొలిమేర కట్టేశారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. పెళ్లయి పోయిన ఆడపిల్లల్ని మాత్రం ముందురోజే పిలిపించుకున్నారు.

మామ రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెడు మట్టి తీసి నలిపాడు. అరుగు మీదున్న బక్కయ్య తాత గట్టిగా కేకేశాడు.

"ఓ సైంటిస్టూ! చెప్పులిడిసి కూసో!"

మామ చెప్పులు విడిచాడు. నవనీతకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

"మడత నిలవాలంటే ఈ చివరొక మేకు, ఆ చివరొక మేకు పాతాలె. అవి మల్ల ఎవ్వరూ ముట్టరాదు. యాడ పాతినా ఏదో ఆఫీసోళ్లు వచ్చి రోడ్డుకో మోరీకో తవ్వుతరు. బొడ్రాయినైతే ఎవ్వడూ తవ్వడు. అందుకే నేనే గుంతల పెట్టిన. ఈడి మట్టి చూద్దామని మా జట్టోళ్లు వచ్చిన్రు గానీ, ఆనాడు పొలిమేర కట్టిన్రు కదా, బయటనే నిలవెట్టిన్రు. ఊరి పిల్లగాన్నని నన్నొక్కన్నే రానిచ్చిన్రు. పాత ఊళ్లె బొడ్రాయి కింద బండ ఉండె. ఈడ గూడ ఉంటదనుకున్న."

"ఇక్కడ రన్‌వే తవ్విన మట్టి పోసిన్రు కదా, మామా."

"అవు," అన్నాడు మామ. చేతిలోని మట్టిని కిందకి వదిలాడు. "మేకు బండకు తగలలే. దూరం కిందికి దిగలే. పోసిన మట్టి యాడిదాక ఉందో ఆడిదాక పోయి, అంచుల ఆగుతుంది. అంటే మన పొలిమేర."

ఇంటి ముందు అక్క స్వరూప నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ నడుస్తోంది. కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇంకా పదిహేను రోజులు ఉందని పట్నం ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. మామ అక్కను చూసి, నవనీత భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రం మామ పెద్ద ఇంజనీరు గారిని కలిసి వచ్చాడు. ఆయన అంతా విన్నాడట. "పెళ్లిళ్ల రోజులు, టికెట్లన్నీ అమ్ముడుపోయినై. ఆదివారం దాక ఓపిక పట్టు," అన్నాడట. మడతను పద్ధతిగా విప్పాలంటే రెండు చివర్లా ఒకేసారి తాళాలు తిప్పాలి. ఒక తాళం మామ దగ్గరుంది, రెండోది సాగరపేటలో.

"పొద్దున ఫ్లైటుకు పోయి ఆల్లను ఒప్పిస్త. మధ్యాహ్నం కల్లా వస్త," అన్నాడు మామ అమ్మతో. "అక్కా, నువ్వు స్వరూపను రేపే పట్నం తోలుకపో. పెద్దమ్మ ఇంట్ల ఉండున్రి."

"ఆటోల పెట్రోలు ఆగుతలేదురా," అన్నాడు నాయిన ఐలయ్య. ఆయన పట్నానికి ఆటో నడుపుతాడు. "ట్యాంకు నింపి ఊళ్లెకొచ్చేసరికి సగం ఖాళీ. బండి ఖరాబైందని కార్బొరేటర్ రెండుసార్లు విప్పిచ్చిన. పాపం, బండిదేం తప్పు లేదన్నట్టు."

"డబ్బాల కొంత పెట్టుకో బావా."

వెళ్లేముందు మామ నవనీతను గడప అవతలికి పిలిచాడు.

"ఎవ్వరన్న ఆ మేకు పీకిన్రనుకో, మడత ఒక్కసారే విచ్చుకుంటది. అప్పుడు లోపల విమానం ఉంటే దాని ముందర మొత్తం దూరం వచ్చి పడ్తది. తొమ్మిది నిమిషాలకు సరిపోను ఇంధనమే పోస్తరు దానికి. అర్థమైందా?"

"అయింది."

"ఊళ్లె నీకొక్కదానికే తెలుసు. చూసుకో."

మాట్లాడనివాళ్లకే అందరూ రహస్యాలు చెబుతారని ఆ రాత్రి పడుకునే ముందు నవనీత అనుకుంది. నిద్ర పట్టలేదు.

తెల్లారి అమ్మ సంచి సర్దుతోంది. పసిపిల్లకి పాత మెత్తటి చీర చింపిన గుడ్డలు, వేడినీళ్ల సీసా, అక్క ఆసుపత్రి కాగితాలు. నాయిన ఆటో తుడుస్తున్నాడు. అప్పుడే అక్క గోడ పట్టుకుని కిందికి జారింది.

"అమ్మా, ఉమ్మనీరు పోయింది."

ఊరి నర్సు సమ్మక్క పరుగున వచ్చింది. కడుపు మీద చేతులు పెట్టి, వంగి, చాలాసేపు చూసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నాతోని కాదు. ఆపరేషన్ కావాలె. ఆటోల కుదుపులకు వద్దు, అంబులెన్సు పిలువు."

ఫోను మొదటిసారి కలిసింది. బండి బయల్దేరిందని చెప్పారు. కాసేపటికి డ్రైవరే ఫోను చేశాడు. "మీ కమాను కనవడుతుంది, వచ్చేసిన," అన్నాడు. ఆ తరవాత సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. టవరు కూడా దూరమవుతోందని నవనీతకు మాత్రమే అర్థమైంది.

అందరూ ఊరి మొదట్లో రోడ్డు మీద కట్టిన కమాను దగ్గరికి పరుగెత్తారు. రోడ్డు తిన్నగా ఉంది. మామిడితోట అవతల తెల్లటి బండి కనిపిస్తోంది. దాని నెత్తిన ఎర్రదీపం తిరుగుతోంది, దుమ్ము లేస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయి. కానీ బండి పెద్దది కావడం లేదు.

"అగో, వస్తుంది కదా," అన్నారు ఎవరో.

"ఎక్కడ వస్తుందిరా! ఇందాకటిసంది గా చెట్టు కాన్నే ఉంది."

నాయిన ఆటో స్టార్ట్ చేసి ఎదురు వెళ్లాడు. ఆటో చిన్నదై, ఇంకా చిన్నదై, చెట్ల మధ్య ఒక చుక్కలాగా మిగిలింది. అంబులెన్సును మాత్రం చేరలేదు. చేరాల్సినంత సేపు దాటిపోయింది. ఇంట్లోంచి అక్క మూలుగు వీధి చివరి దాకా వినిపిస్తోంది.

నవనీత ఆకాశం వైపు చూసింది. ఒక విమానం ఊగే గాలిలోకి ముక్కు పెట్టింది. అదే క్షణంలో రోడ్డు మీద అంబులెన్సు వెనక్కి జరిగినట్టయింది. చక్రాలు ముందుకే తిరుగుతున్నాయి, బండి వెనక్కి పోతోంది. కొంతసేపటికి ఆ గాలిలోంచే ఇంకో విమానం బయటపడి రన్‌వే వైపు వంగింది. రోడ్డు ఊపిరి వదిలినట్టు కాస్త కుంచించుకుంది, అంబులెన్సు ఒక్క గెంతు దగ్గరికొచ్చింది. అంతలోనే మళ్లీ వెనక్కి పోయింది. అవతలి చివరనుంచి ఇంకోటి లోపలికి దిగి ఉంటుంది.

అంటే లోపల విమానం ఉంటే రోడ్డు సాగుతుంది. ఏదీ లేనప్పుడు కాస్త వదులవుతుంది. పెళ్లిళ్ల రోజులు కాబట్టి ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ వదులు ఎంతోసేపు ఉండటం లేదు.

వాటిలో ఒకదాంట్లో మామ ఉంటాడు. మధ్యాహ్నం కల్లా వస్తానన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.

నవనీత ఇంటికి పరుగెత్తింది. వాకిట్లో అమ్మ తల బాదుకుంటోంది. సమ్మక్క బయటికొచ్చి, "రక్తం పోతుంది. బండి ఇప్పుడే రావాలె," అని మళ్లీ లోపలికి పోయింది.

"అమ్మా," అంది నవనీత. ఎవరూ వినలేదు. ఇంకోసారి అంది. "అమ్మా, బొడ్రాయి తియ్యాలె."

గుంపంతా ఆమె వైపు తిరిగింది. ముఖం వేడెక్కింది. అయినా చెప్పింది. మేకు గురించి, మట్టి గురించి, రోడ్డు గురించి, విమానంలో ఉండే మనుషుల గురించి. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరికెంత అర్థమైందో తెలియదు. ఎవరూ నవ్వలేదు.

బక్కయ్య తాత చేతికర్ర నేలకు కొట్టాడు. "బొడ్రాయి కదిలిస్తే ఊరు కదులుతది పిల్లా! ఆటలా?"

అమ్మ లేచింది. మూలన ఉన్న గడ్డపార అందుకుంది.

"ఊరు కదలనే కదిలింది తాతా. పట్నం ఎంత దూరం పోయిందో కమాను కాడికి పోయి చూడు. తప్పయితే నా ఇంటికి తగలనీ. నా బిడ్డ లోపల చస్తుంది." ఇంకెవరి జవాబూ వినకుండా నడిచింది. నలుగురు ఆడవాళ్లు వెంట నడిచారు. ఆ తరవాత మగవాళ్లూ కదిలారు.

మొదట రాయికి పసుపునీళ్లు పోశారు. అమ్మ చెంపలేసుకుంది. తరవాత గడ్డపారలు దిగాయి. రాయి పక్కకు ఒరిగింది. దాని కింద చెయ్యంత పొడుగు ఉక్కు మేకు మెరుస్తూ నిలబడి ఉంది. దాని చుట్టూ ఉన్న మట్టి రేణువులు జల్లెడలో ఆడినట్టు ఆడుతున్నాయి. కింద బండ ఆనవాలే లేదు.

"మోకు కట్టున్రి. నేను చెప్పేదాక గుంజొద్దు," అంది నవనీత. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

బొడ్రాయి పక్కన ఉన్న అరుగెక్కి నిలబడితే ఒకవైపు కమానులోంచి రోడ్డు కనబడుతుంది, మరోవైపు తమ ఇంటి తలుపు. ఆమె రోడ్డు మీదే చూపు పెట్టింది. పదిమంది మోకు పట్టుకుని ఆమె నోటివైపు చూస్తున్నారు.

ఒక విమానం లోపలికి పోయింది. అంబులెన్సు వెనక్కి జరిగింది. చుక్కంత అయింది. దాని ముందున్న నాయిన ఆటో అసలు కనిపించడం మానేసింది.

"బిడ్డా, ఇగ గుంజమంటవా?" అరిచింది అమ్మ.

"ఆగు!"

లోపల ఎవరో తెలియని మనుషులు. పెళ్లికి పోయే వాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు. కళ్లద్దాలు తుడుచుకునే మామ. ఊగే గాలిలోంచి ఏదీ బయటికి రాలేదు. ఇప్పుడు పోయింది అక్కడ దిగిందో లేదో ఇక్కడినుంచి ఎట్లా తెలుస్తుంది? రోడ్డే చెప్పాలి. ఆమె రెప్ప వెయ్యకుండా తెల్లచుక్కను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగి చుక్క అలికినట్టయింది. అది పెద్దదైందా? నీళ్ల వల్ల అట్లా కనిపించిందా?

ఇంట్లోంచి అక్క అరిచింది. అట్లాంటి అరుపు నవనీత ఎన్నడూ వినలేదు.

"గుంజున్రి!"

మోకు బిగిసింది. మేకు ఊడి, మోకు పట్టినవాళ్లంతా వెల్లకిలా పడ్డారు. చెవులు దిబ్బడ వేశాయి. పైన ఆకాశం చప్పుడు లేకుండా చదునైంది, ఉతికిన దుప్పటిని ఇద్దరు పట్టి లాగినట్టు. కమానులోంచి అంబులెన్సు బ్రేకులు కీచుమంటూ దూసుకొచ్చింది. దాని వెనకే నాయిన ఆటో కూడా, ఎటు తిరిగిందో తెలియనట్టు. డ్రైవరు దిగి, ఊరిని చూసి, వెనక రోడ్డును చూసి, నోరు తెరిచి నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నవ్ నాయనా! స్ట్రెచర్ తియ్యి!" అని సమ్మక్క అరిచింది.

అక్కను ఎక్కించారు. అమ్మ, సమ్మక్క ఎక్కారు. బండి వెళ్లిపోయింది. ఈసారి రోడ్డు దాన్ని గబగబా మింగేసింది.

నవనీత అరుగు మీదే నిలబడి ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయింది. ఊగే గాలి లేదు. విమానమూ లేదు. ఫోనులో సిగ్నల్ గీతలన్నీ తిరిగొచ్చాయి. మామ నంబరు కొట్టింది. స్విచాఫ్. మళ్లీ కొట్టింది. స్విచాఫ్. విమానంలో ఉన్నవాళ్లే ఫోను ఆపేస్తారు. ఆ ఆలోచన రాగానే ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. బక్కయ్య తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

ముందు అమ్మ ఫోను చేసింది. ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. అక్కకు రక్తం ఎక్కిస్తున్నారు, గండం గడిచిందన్నారు. నాయిన అరుగుకు తల ఆనించి పెద్దగా ఏడ్చాడు. నవనీత కళ్లలోంచి ఒక్క చుక్క రాలేదు. చేతిలో ఫోను అట్లాగే పట్టుకుని ఉంది.

పొద్దు వాలుతుండగా అది మోగింది.

"నవనీతా, ఫోన్ ఇప్పుడే తెరిచిన. మేకు పీకిన్రు కదా, అక్కెట్లున్నది?"

మామ. "మంచిగుంది. ఆడపిల్ల," అంది ఆమె.

"ఇప్పుడు విమానాల్లేవు. బస్సెక్కిన. తెల్లారేసరికి వస్త," అన్నాడు మామ. ఆయన గొంతు వెనక బస్సు హారన్ మోగింది. "మస్తు దూరం ఉందే!"

మర్నాడు మధ్యాహ్నం నవనీత సద్ది తీసుకుని విమానాశ్రయానికి నడిచి వెళ్లింది. సైకిలు ఇంకా అక్కడే ఉంది. రన్‌వే ఖాళీ. గేటు దగ్గర పెద్ద ఇంజనీరు గారు ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నారు. మామ తన గదిలో ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద మేకు ఉంది, దానికింకా మట్టి అంటి ఉంది. ఆయన ఉద్యోగం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా అడిగినట్టు లేదు.

డబ్బా మూత తీశాడు. కళ్లద్దాలు తెల్లబడ్డాయి. తుడుచుకోలేదు. అట్లాగే కూర్చున్నాడు.

"నా ఫ్లైటు పైకి లేచింది," అన్నాడు. "మడత ముంగటికొచ్చినం. కిటికీల కెల్లి చూస్తున్న. అది కన్ను మూసుకున్నట్టు మూసుకుంది. పైలట్ తిప్పుకొని మల్ల సాగరపేటలనే దించిండు. ఇంకొంచెం ముందుంటే లోపల ఉందుము. పిల్లలే తొమ్మిది మంది ఉన్నరు అందుల."

మామ ముద్ద కలిపి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈడికెల్లి పోయింది ఆడ దిగిన సంగతి నీకెట్ల తెలిసిందే? రోడ్డు చూసి చెప్పినవంట కదా. తాత ఫోన్ల అందరికీ చెప్తున్నడు."

అవునంటే చాలు. ఊరంతా అదే నమ్ముతోంది. ఆమె మళ్లీ ఆ చుక్కను తలుచుకుంది. రాత్రంతా తలుచుకుంటూనే ఉంది. పెద్దదైందా, కళ్లలో నీళ్లా? ఎంత తలుచుకున్నా ఆ చుక్క అలికినట్టే కనిపిస్తోంది. స్పష్టంగా గుర్తున్నది ఒక్కటే.

"అక్క అరిచింది, మామా," అంది.

మామ చేతిలోని ముద్ద డబ్బాలోకి జారింది. అన్నం మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది.